ఏడడుగుల ఇంట్లో పది రోజులు

ఇంగ్లండులో ఉంటున్న మా అమ్మాయి, అల్లుడు ఇంటి కోసం దాచుకున్న సొమ్ముతో పడవ కొన్నారని తెలిసిన నాడు మేమిద్దరం ఆ సంగతి బంధువులెవరికీ చెప్పలేదు. అద్దెలు భరించలేకపోతున్నామనీ, కంప్యూటరు పని ఎక్కడినుంచైనా చేసుకోవచ్చుననీ వారి వాదన. పడవలో కాపురమేమిటన్నది మా బాధ. బి-టైపు క్వార్టరు ఇరుకని సి-టైపు కోసం ఏళ్ల తరబడి అర్జీలు పెట్టుకున్నవాళ్లం మరి! ఉద్యోగ విరమణ అనంతరం, 2023 మే మాసంలో, ఆ కాపురమేదో కళ్లారా చూసి వద్దామని బయలుదేరాము.

వాయవ్య ఇంగ్లండులోని రెన్‌బరీ అనే పల్లె వద్ద పడవ ఎక్కాము. పొడవు 57 అడుగులు, వెడల్పు 6 అడుగుల 10 అంగుళాలు. ఈ సన్నదనానికి కారణం లాకులే. ఒకప్పుడు బొగ్గు, సున్నపురాయి వంటి సరుకుల రవాణాకు తవ్విన ఈ కాలువల్లో అనేక లాకుల వెడల్పు సుమారు ఏడడుగులు. పడవలు వాటికి తగ్గట్టే తయారయ్యాయి. లోపల వంటిల్లు, కూర్చునే చోటు, స్నానాల గది, పడక అన్నీ రైలుపెట్టెలో వలె ఒకే వరుస. ఒకరు పొయ్యి ముందు నిలబడితే రెండోవారు ఒరిగి దాటవలసిందే.

'లాకు' అన్న మాట గోదావరి జిల్లాల వారమైన మాకు పరాయిది కాదు. ధవళేశ్వరం ఆనకట్ట నుంచి వచ్చే కాలువలపై బస్తాల పడవలను మనుషులు గట్టు వెంట నడుస్తూ తాడుతో లాగడం చిన్ననాట చూశాము. ఇక్కడ ఆ పని గుర్రాలు చేసేవట. ఆ బాట నేటికీ నీటి పక్కనే ఉన్నది. చాలా లాకుల వద్ద సిబ్బంది ఉండరు. పడవవారే గట్టుకు దిగి, వంకర పిడితో తూములెత్తి, తలుపు దూలానికి నడుము ఆనించి నెట్టాలి. గ్రిండ్లీ బ్రూక్‌లోని ఆరు లాకుల్లో మూడు మెట్లవలె ఒకదానికొకటి ఆనుకుని ఉన్నాయి. ఒక లాకు పైతలుపే దాని మీది లాకుకు కింది తలుపు. ఇంట్లో కూజా ఎత్తి ఎరుగని మా పిల్ల ఆ దూలాలను నెడుతూ ఉంటే చూడటానికి మొదట కష్టంగానే ఉండెను.

ఈ సంసారంలో ప్రతిదీ లెక్కే. మూడో రోజున మామూలుగా బట్టలుతికి, తలంట్లు పోసుకుని, తొట్టి మొత్తం ఖాళీ చేశాము. నీటి కుళాయి ఉన్న రేవు మరునాటికి గాని రాలేదు. మా అమ్మాయి ఏమీ అనలేదు, సీసాలో మిగిలిన నీళ్లతో కాఫీ కలిపి మాకిచ్చింది. మరుగుదొడ్డి డబ్బాను అల్లుడే మోసుకుపోయి, నిర్ణీత స్థలంలో ఒంపి, కడిగి తెచ్చాడు. అల్లుడి చేత ఆ పనా అని మేము తలలు దించుకున్నాము. అతడు మాత్రం ఈల వేస్తూ వచ్చాడు.

వేగపరిమితి గంటకు నాలుగు మైళ్లు. ఆగి ఉన్న పడవల పక్కన అంతకన్న నెమ్మది. లేకుంటే అలలకు వాటి తాళ్లు లాగుకుపోతాయి. గట్టున కుక్కతో నడిచే వృద్ధురాలు ఒకామె మమ్మల్ని దాటి ముందుకు వెళ్లిపోయింది.

డీ నది మీద కాలువను దాటించే పాంట్‌కసల్తె మేలుకాలువ 1805లో పూర్తయినది. టెల్ఫోర్డ్, జెసప్ అనే ఇంజనీర్లు నదికి 126 అడుగుల ఎత్తున ఇనుప తొట్టెలో నీటిని నడిపించారు. ఒక పక్క నడక బాట, కటకటాలు. రెండో పక్క తొట్టె అంచు తప్ప ఏమీ లేదు. కిటికీలోంచి చూస్తే నేరుగా పాతాళమే! మాలో ఒకరు ఆ దూరమంతా కళ్లు మూసుకునే ఉన్నారు. లాంగోలెన్‌కు పైన మా వంటి ఇంజను పడవలు సాగవు గనుక అక్కడినుంచి నడిచి, టెల్ఫోర్డ్ డీ నదిపై కట్టించిన గుర్రపునాడా ఆనకట్టను చూశాము. నది నీరు కాలువలోకి మళ్లేది అక్కడే. దిగువన అదే నీరు తాగునీటి జలాశయానికీ చేరుతుంది. ఆ గట్టున కాటన్ దొరను తలచుకోకుండా ఉండలేకపోయాము.

ఆ సాయంత్రమే అసలు మాట అడిగాము. సొంత రేవు లేని పడవ ఒకే చోట పద్నాలుగు రోజులకు మించి ఆగరాదని 1995 నాటి చట్టం. రేపు పిల్లలు పుడితే బడి ఎక్కడ? అమ్మాయి గట్టున దిగగొట్టిన మేకుల వైపు చూస్తూ, "అది మేమూ ఆలోచిస్తున్నామమ్మా" అన్నది. అంతకు మించి చెప్పలేదు.

తిరుగు ప్రయాణంలో మాలో ఒకరికి చుక్కాని పట్టే ఉత్సాహం కలిగింది. లాకులో కిందికి దిగుతూండగా పడవ వెనక్కు జరిగిన సంగతి గమనించలేదు. పైతలుపు అడుగున రాతి అరుగు ఉంటుంది. వెనుక భాగం దానిమీద చిక్కుకుని, ముందు భాగం నీటితో పాటు దిగసాగింది. పళ్లెం జారి పగిలింది. "కదలకండి నాన్నగారూ!" అని గట్టు మీద నుంచి కేక. అమ్మాయి క్షణంలో కింది తూములు దించి, పరుగున వెళ్లి పైతూమును కొద్దికొద్దిగా ఎత్తింది. నీరు పెరిగి పడవ సమమైనది. తెల్లని గీత దాటి ముందుకు ఉంచమని ఆమె ముందే చెప్పింది. తప్పు మాదే. ఆమె చేతులు వణకలేదు, మావి మాత్రం రాత్రి భోజనం దాకా వణికాయి.

ఇంటికి వచ్చాక అడిగినవారికి పడవ ఫొటోలు చూపుతున్నాము. ఎన్ని గదులని ఒకరు, పునాది ఏదని ఒకరు. బడి సంగతి ఇంకా తేలలేదు. మళ్లీ ఒకసారి రమ్మంటున్నారు. చిరునామా అడిగితే, బయలుదేరే ముందు ఫోను చేయమన్నారు.