రాబందుల కొండ వరకు

సెవిల్ నగరంలోని ఒక ఇంట్లో, రాత్రి భోజనం ముగిసిన బల్ల మీద భార్యాభర్తలు ఒక పటం పరచుకొని కూర్చున్నారు. ఆమె మోకాలికి శస్త్రచికిత్స జరిగి అప్పటికి ఎనిమిది నెలలు. ఇక సైకిలు తొక్కవచ్చునని వైద్యుడు చెప్పాడు. ఎంత దూరం తొక్కవచ్చునో ఆయన చెప్పలేదు, వీరూ అడగలేదు.

భర్తకు ఆ అనుమతి చాలు. ఇరవై ఏళ్లుగా ఆదివారాలన్నీ లావు టైర్ల కొండ సైకిలు మీదనే గడిపిన మనిషి ఆయన. గ్రాసలేమా కొండల మీదుగా ఎర్ర పెన్సిలుతో ఒక గీత గీశాడు.

“నలభై కిలోమీటర్లే. మధ్యస్థమైన దారి అని పుస్తకంలో రాశారు,” అన్నాడు.

“ఎవరికి మధ్యస్థం?” అని ఆమె అడిగింది.

ఆయన వద్ద సమాధానం లేదు. దారి పుస్తకాలు రాసేవారికి మోకాళ్లు నొప్పి పుట్టవు కాబోలు! దూరం ఒక్కటే చూసి కొండదారిని అంచనా కట్టేవాడు మోసపోక తప్పదు. చదునైన నేల మీద నలభై కిలోమీటర్లంటే ఒక పూట షికారు. అదే దూరంలో మొత్తం వెయ్యి మీటర్ల ఎత్తు ఎక్కవలసి వస్తే, కాలి కింద గులకరాళ్లు కదులుతుంటే, సాయంత్రానికి ఇల్లు చేరడమే గొప్ప. ఎక్కలేనిచోట దిగి సైకిలును నెట్టుకుపోవచ్చుననుకుంటారు. కాని రాళ్ల వాలులో బరువైన సైకిలును పట్టుకొని కాలినడకన దిగడం నొప్పి మోకాలికి ఎక్కడం కన్న పెద్ద శిక్ష.

స్పెయిన్‌లో పాదచారుల కోసం అరగాన్ ప్రాంతపు పర్వతారోహకులు ప్రచారంలోకి తెచ్చిన ఒక పద్ధతి ఉన్నది. దాని పేరు మీదె. అది దారికి ఒకే పేరు పెట్టి ఊరుకోదు. నాలుగు అంకెలు వేస్తుంది. ప్రకృతి వల్ల కలిగే అపాయానికి ఒకటి, దారి తప్పే అవకాశానికి ఒకటి, నేల కాఠిన్యానికి ఒకటి, శ్రమకు ఒకటి. ఒక్కొక్కటి 1 నుంచి 5 వరకు. శ్రమకు 3 వేశారంటే మూడు నుంచి ఆరు గంటల నడక అన్నమాట. సైకిలుకు ఆ గంటల లెక్క సరిపోదు గాని, ప్రశ్నలు నాలుగూ సరిపోతాయి.

ఇద్దరూ చెరొక కాగితం తీసుకొని ఆ ఎర్రగీతకు అంకెలు వేశారు. మొదటి మూడింటిలో పెద్ద తేడా రాలేదు. శ్రమ వద్ద ఆయన 2 వేశాడు. ఆమె 5 వేసింది. చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. తాను పదేళ్ల కిందటి భార్య కోసం దారి గీస్తున్నానని ఆయనకు అప్పుడు తోచింది.

అప్పుడామె వీయా వెర్దె దె లా సియెర్రా పేరెత్తింది. అంటే కొండల పచ్చబాట. “పిల్లలు తొక్కే బాట అది!” అని ఆయన తేలికగా తీసిపారేశాడు. చిన్నచూపు చూడదగిన బాట కాదది. 1920లలో హెరెస్ నుంచి అల్మార్గెన్ వరకు రైలుమార్గం వేయ సంకల్పించి, కొండలు తొలిచి, లోయలకు వంతెనలు కట్టి, చివరకు సగంలో వదిలివేశారు. ఆ మార్గంలో ప్రయాణికుల రైలు ఏనాడూ నడవలేదు. పాత రైలుదారులను నడకకూ సైకిళ్లకూ మలచే పని దేశంలో 1993లో మొదలైన తరువాత దీనికీ మంచిరోజులు వచ్చాయి. ప్వెర్తో సెర్రానో నుంచి ఒల్వేరా వరకు సుమారు 36 కిలోమీటర్లు, 30 సొరంగాలు, 4 పెద్ద వంతెనలు. రైలింజను నిటారు గుట్ట ఎక్కలేదు గనుక దారి ఎక్కడా ఒక్కసారిగా లేవదు. ఇంజనుకున్న ఆ బలహీనత ఇన్నేళ్లకు ఒక మోకాలికి ఉపకరించబోతున్నది.

ఇక లెక్కలు మొదలైనవి. ఒల్వేరా ఎత్తున ఉన్నది. అక్కడ బయలుదేరితే ఉదయం హాయిగా దిగవచ్చును; కాని తిరుగు ప్రయాణమంతా అలసిన కాళ్లతో ఎక్కుడే. కనుక ప్వెర్తో సెర్రానో నుంచే బయలుదేరాలి. జూలై, ఆగస్టుల మాట తలపెట్టరాదు. అండలూసియా ఎండ 40 డిగ్రీలు తాకుతుంది. ఏప్రిల్ మేలు. దారిలో దొరుకుతుందిలే అనుకోకుండా మనిషికి రెండు లీటర్ల నీళ్లు. పంపు, అదనపు ట్యూబు. సొరంగాలలోకి చేతనైనంత మంచి దీపం. ఒకటి దాదాపు కిలోమీటరు పొడవు. ఎండలోంచి చీకటిలోకి పోయేముందు నల్లకళ్లద్దాలు తీయాలని మరచిపోయేవారే ఎక్కువ. హెల్మెట్ సరే. ఆపద వస్తే 112.

అన్నిటికన్న కష్టమైన లెక్క చివర మిగిలింది: ఎక్కడ వెనుదిరగాలి? పోనూరానూ 72 కిలోమీటర్లు ఆమెకు అసాధ్యం. సగం దారికి ఇవతల కోరిపె స్టేషను ఉన్నది. దాన్ని దాటి ఇంకా పోతే సాఫ్రామగోన్ అనే పెద్ద రాతికొండ; దాని చరియల మీద రాబందులు గుంపులుగా గూళ్లు పెడతాయి. రెక్కలు చాస్తే రెండున్నర మీటర్లుండే పక్షులు. వాటిని చూడాలనే కోరిక ఆయనది కాదు, ఆమెదే.

“కోరిపె వద్ద ఆగుదాం. ముందుకా, వెనక్కా అన్నది అక్కడ నేను చెబుతాను. నువ్వు ఒక్కసారి మాత్రమే అడగాలి,” అన్నది.

“అంతదూరం పోయి రాబందులను చూడకుండా తిరిగి రావడమా?”

“ఇదిగో, ఒకసారి అడిగేశావు.”

ఆయన నవ్వలేకపోయాడు. బతిమాలడం తన అలవాటని, బతిమాలితే ఆమె కాదనలేదని ఇద్దరికీ తెలుసు. పోయిన ఏడాది ఆ మోకాలు చెడింది కూడా అటువంటి ఒక ఆదివారమే. ఆ మాట ఆమె ఎత్తలేదు.

ఆయన పటం మడిచాడు. దీపం పట్టుకొని కింది గదిలోకి దిగి, దుమ్ము పట్టిన ఆమె సైకిలును బయటికి తీశాడు. సీటు మరీ కిందికి ఉంటే మోకాలు ఎక్కువగా వంగి ఒత్తిడి పడుతుంది. రెండు వేళ్లెత్తు పైకి లేపి, నట్టు బిగించి, ఒకసారి ఎక్కి చూడమని ఆమెను పిలిచాడు.