ఉద్దానం నుంచి కలకత్తాకు పికప్‌లో

కవిటిలో బయల్దేరేసరికి ఇంకా చీకటిగానే ఉంది. వెనక తొట్టిలో కొబ్బరికాయల బస్తాలు, పనసకాయలు, జీడిపప్పు డబ్బా, వాటి మధ్య గోనెసంచుల్లో చుట్టిన రుబ్బురోలు. అది మా అమ్మ రోలు. ఏళ్ల తరబడి కలకత్తా ఇంటికి తెచ్చుకోవాలనుకుంటూనే ఉన్నాను. రైల్లో తేలేకపోయాం, పాత కారు డిక్కీలో పెట్టడానికి ధైర్యం చాలలేదు. ఈసారి మా బావమరిది, తోటలో పనిచేసే ఇంకో అబ్బాయి కలిసి వెనక డోరు దించి, చెక్క వాలుగా ఆనించి, దొర్లించి ఎక్కించేశారు. చేతులు దులుపుకుంటూ మా బావమరిది అడిగాడు: "ఏటి బావా, ఇంత డబ్బెట్టి సరుకు బండి కొన్నావేటి? ఆ డబ్బుకి మంచి కారే వచ్చును కదా?"

వచ్చేదే. అయినా 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఉద్దానాన్ని తుడిచిపెట్టాక ఆ ఊరికి నేను వెళ్లిన తీరు మరిచిపోలేను. రోడ్డుకు అడ్డంగా కొబ్బరిచెట్లు, పక్కకు దిగితే బురద. కారు హైవే దగ్గరే వదిలేసి, బియ్యం మూట భుజాన వేసుకుని నడిచాం. రాత్రి నిద్రపోనిచ్చే సీట్లు, బురదలో దిగబడని చక్రాలు, మూటలు పడేసుకునే చోటు, మూడూ ఉన్న బండి కావాలని ఆ రోజే అనుకున్నాను.

మనదేశంలో సొంత వాడకానికి పికప్ కొనాలంటే పెద్దగా వెతుక్కోనక్కర్లేదు. ఒకప్పుడు టాటా జెనాన్, మహీంద్రా స్కార్పియో గెటవే ఉండేవి, రెండూ ఆగిపోయాయి. తర్వాత ఇసుజు వీ-క్రాస్, దానికి పోటీగా 2022లో టయోటా హైలక్స్ వచ్చాయి. థాయిలాండ్‌లో అయితే పన్ను తక్కువ కావడంతో మామూలు కుటుంబాలు కూడా పికప్పే కొంటాయట. ఇక్కడ అదేమీ లేదు. హైలక్స్‌కు 2.8 లీటర్ల ఇంజిన్, వీ-క్రాస్‌కు 1.9 లీటర్లు. బలం కోసమే అయితే హైలక్స్‌కే ఓటు వేయాలి. నా సంచికి తగ్గది, నాకు కావలసిన పని చేసేది వీ-క్రాస్. దాని నాలుగు చక్రాలూ ఒక నాబ్ తిప్పితే పట్టు అందుకుంటాయి. ఇంకో కారణం కూడా చెప్పాలి. ఆ బండి తయారయ్యేది మన శ్రీసిటీలో, 2016లో మొదలైన కార్ఖానాలో. ఈ చెన్నై-కలకత్తా 16వ నంబరు జాతీయ రహదారి మీదే, తడ పక్కన. అక్కడ పుట్టిన బండిని అదే రోడ్డు మీద కలకత్తాకు తోలుకెళ్లడం నాకు గర్వంగానే ఉంటుంది.

పైగా కలకత్తాకు ఇసుజు కొత్తేమీ కాదు. హుగ్లీ ఒడ్డున ఉత్తరపారాలో హిందుస్తాన్ మోటార్స్ వాళ్లు 1990ల తొలినాళ్ల నుంచి అంబాసిడర్‌కు 1.8 లీటర్ల ఇసుజు ఇంజిన్ పెట్టి అమ్మారు. మా నాన్న స్నేహితుడికి అలాంటిదే ఒకటి ఉండేది. ఆ కార్ఖానా 2014లో మూతపడింది. ఇప్పటికీ మల్లిక్‌బజార్‌లో పాత మెకానిక్‌లు నా బండి బానెట్ ఎత్తగానే ముందు ఆ ఇంజిన్‌నే తలుచుకుంటారు.

ఇచ్ఛాపురం దాటి ఒడిశాలోకి దిగేసరికి తెల్లారింది. బరంపురం, గంజాం, రుషికుల్య వంతెన... ఈ ముక్కంతా తెలుగు చెవికి పొరుగింటిలాగే వినిపిస్తుంది. రంభ దగ్గర కొండల సందుల్లోంచి చిలికా కనబడింది. బాలుగావ్‌లో ఆగి టీ తాగుతుంటే పక్కన ఒక చేపల లారీ ఆగింది. ఆకివీడు నుంచి హౌరా హోల్‌సేల్ మార్కెట్‌కు. వెనక తలుపు సందుల్లోంచి ఐసు కరిగిన నీళ్లు తారు మీద గీతలా కారుతున్నాయి. ఆ డ్రైవరు నా బండి చుట్టూ తిరిగి, వంగి కింద కమాన్ పట్టీలు చూసి, "ఖాళీగా తోలితే నడుం విరుగుద్ది సార్" అన్నాడు.

నూటికి నూరుపాళ్లూ నిజం. షోరూంలో ఈ మాట ఎవరూ చెప్పరు. వెనక కమాన్లు బరువు కోసం చేసినవి. తొట్టి ఖాళీగా ఉంటే చిన్న గుంతకు కూడా వెనక సీట్లో వాళ్లు ఎగిరిపడతారు. వెనక సీటు వీపు కూడా నిటారుగా ఉంటుంది. మా ఆవిడ ముందు సీటు ఎవరికీ ఇవ్వనిది అందుకే. కొబ్బరి బస్తాలు పడ్డాక అదే బండి రోడ్డుకు అతుక్కున్నట్టు వెళ్తుంది. అలాగని ఎంత పడితే అంత వేయకూడదు. సొంత వాడకానికి రిజిస్టరైన పికప్‌కు కాగితాల మీద అనుమతించే బరువు సరుకు బండికంటే చాలా తక్కువ. కొనేముందు ఆ అంకె అడిగి చూసుకోవాలి.

కటక్ దాటాక ఒక టోల్‌గేట్ దగ్గర ఆపేశారు. ట్యాగ్ కారుది, బండి ట్రక్కులా ఉంది, తేడా కట్టమన్నారు. తెల్ల నంబరు ప్లేటు, ఆర్‌సీ చూపించి, వెనక హారన్లు మోగుతుండగా నిలబడి నచ్చజెప్పాల్సి వచ్చింది. పికప్ ఉన్నవాళ్లు ఆర్‌సీ చేతికందేలా పెట్టుకోవాలి.

బాలాసోర్ దగ్గర వాన పట్టుకుంది. పికప్‌కు అసలు లోటు ఇక్కడే తెలుస్తుంది. తొట్టికి కప్పు లేదు. రోడ్డు పక్కన ఆపి, తడుస్తూ పట్టా కప్పి, తాళ్లు బిగించాం. జీడిపప్పు డబ్బా మాత్రం లోపలికి మా కాళ్ల దగ్గరికి వచ్చింది. గట్టి మూత బిగించుకోవచ్చు గాని, అప్పుడు రుబ్బురోలు లాంటివి ఎక్కించడం కష్టం. నేను పట్టాకే కట్టుబడ్డాను.

ఖరగ్‌పూర్‌లో మథురకాటికి వెళ్లాం. బెంగాల్-నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచి అక్కడ మనవాళ్ల కుటుంబాలు స్థిరపడ్డాయి. ఒక బస్తా కాయలు, ఒక పనసకాయ మా పిన్నిగారింట్లో దింపాం. పనసకాయ బరువు చూసి ఆవిడ, "ఇది ఎవరు కొడతారే నాయనా" అంటూనే కత్తిపీటకు నూనె రాస్తోంది. మూడు ఇళ్లకు పంచేటన్ని కాయలు ఒకేసారి తేగలగడం ఈ బండితోనే మొదలైంది. ఇంతకుముందు చేతిసంచిలో పట్టినన్నే తెచ్చేవాళ్లం.

కోలాఘాట్‌లో రూప్‌నారాయణ్ దాటి, సాంత్రాగాచీ రద్దీలో ఓపిక పట్టి, విద్యాసాగర్ సేతు ఎక్కేసరికి దీపాలు వెలిగాయి. మొత్తం 600 కిలోమీటర్ల పైచిలుకు. ఒంటికి పెద్దగా అలసట లేదు. అలసట బెహాలాలో మా సందు మొదట్లో మొదలవుతుంది. బండి పొడవు సుమారు 5.3 మీటర్లు, అంబాసిడర్ కంటే దాదాపు మీటరు ఎక్కువ. అంబాసిడర్ ఒక్క ఊపులో తిరిగే మూలలో నేను ముందుకు, వెనక్కు, మళ్లీ ముందుకు పోవాలి. రిక్షా ఒకటి ఆగుతుంది, చేపలమ్మే ఆయన బుట్ట దించుకుంటాడు, పైమేడ నుంచి ఒక పెద్దాయన "డాయినే, డాయినే" అని దారి చెబుతాడు. రోజూ ఆఫీసుకు దీన్ని తీయను, మెట్రోలోనే వెళతాను. నగరంలో తిరగడానికి మాత్రమే అయితే కలకత్తాలో ఈ బండి కొనవద్దనే చెబుతాను.

సరుకు బండ్లకు పగటిపూట చాలా రోడ్ల మీద ఆంక్షలుంటాయి. తెల్ల ప్లేటు ఉన్నా కొత్త సార్జెంట్ ఎవరైనా చెయ్యెత్తి ఆపుతాడు, కాగితం చూసి వదిలేస్తాడు. వానాకాలంలో మాత్రం వీధిలో అందరి చూపూ దీని మీదే. మోకాలిలోతు నీళ్లలో పక్కింటి ముసలావిడను డయాలిసిస్‌కు తీసుకెళ్లాం. బండి నెమ్మదిగా, అల లేవకుండా కదిలింది, లోపలికి చుక్క రాలేదు. పూజ రోజుల్లో క్లబ్ కుర్రాళ్లు మటాడోర్ దొరక్కపోతే మా తలుపే తడతారు.

ఆ రాత్రి రోలు దింపడానికి నలుగురు వచ్చారు. వాళ్లలో కింది అంతస్తు దాదాకు ఈమధ్య పికప్ మీద మనసు పడింది. మైలేజీ ఎంతని అడిగాడు. హైవే మీద లీటరుకు పన్నెండు దాకా, ఊళ్లో తొమ్మిది అన్నాను. సర్వీసు సెంటరు ఎంత దూరమో చూసుకోమన్నాను. అన్నింటికంటే ముందు మీ గరాజ్ కొలవండి దాదా అన్నాను. మర్నాడు పొద్దున్నే ఆయన టేపు పట్టుకుని గేటు దగ్గర ఉన్నాడు. లోపల గోడదాకా 5.1 మీటర్లే వచ్చింది. నీళ్ల మోటారు పక్కకు జరపడానికి ఎంతవుతుందో ప్లంబరుకు ఫోన్ చేసి కనుక్కుంటున్నాడు.