ఆవుల ఆసుపత్రిలో కుక్కపిల్లలు

27 ఏప్రిల్ 2024, శనివారం

ఈరోజు ప్రపంచ పశువైద్య దినం. ఏటా ఏప్రిల్ చివరి శనివారం వస్తుంది. పండగేమీ లేదు, పనే. పొద్దున వరసంతా జెర్సీ ఆవులు. ఒకదానికి పొదుగువాపు, ఇంకొకదానికి చూడి నిలవడం లేదని తెచ్చారు. కదలకుండా ఉంచే ఇనుప చట్రం, ట్రెవిస్‌లో నిలబెట్టి ఒక్కోటీ చూసి పంపాం.

ఎండ ముదిరాక కాణిపాకం వైపు నుంచి ఒకాయన పగ్ కుక్కను తువ్వాలులో చుట్టుకొచ్చాడు. నాలుక వేలాడేసి ఒకటే రొప్పు. అణిగిన ముక్కు జాతి, మన ఎండ దానికి ప్రాణాంతకం. రిజిస్టర్లు పక్కకు జరిపి బల్ల మీద పడుకోబెట్టాం. పొట్ట, కాళ్లు నీళ్లతో తడిపి ఫ్యాన్ తిప్పితే కాసేపటికి తేరుకుంది. ఆవు పలుపు పట్టుకుని చూస్తున్న రైతు, “పాలియ్యని దానికి ఇంత సేవేంది సార్?” అన్నాడు. వెంటనే జవాబు తోచలేదు.

6 జులై, శనివారం

జూనోసిస్ దినం, అంటే జంతువుల నుంచి మనుషులకు సోకే జబ్బుల దినం. 1885లో ఇదే రోజున లూయీ పాశ్చర్, పిచ్చికుక్క కరిచిన జోసెఫ్ మైస్టర్ అనే తొమ్మిదేళ్ల పిల్లవాడికి టీకా మొదలుపెట్టాడు. కుక్కలకు ఉచితంగా రేబిస్ టీకాలు వేశాం. బైకు మీద ఇద్దరి నడుమ ఇరుక్కుని వచ్చింది ఒకటి, ఆవు పలుపుతో కట్టేసి తెచ్చింది ఒకటి. భయపడిన వాటికి గాజుగుడ్డతో మూతి కట్టి సూది వేశాం. యజమానులేమో అటు తిరిగి కళ్లు మూసుకున్నారు!

ఒక అవ్వ వీధికుక్కను పిలుచుకొచ్చింది. “నాది కాదు నాయనా, వీధిది. అయినా నా చేతి కూడే తింటాది” అంది. దానికే ముందు వేశాను.

23 జులై, మంగళవారం

పక్క ఊరి నుంచి ఫోను. “ఆవు చొంగ కారస్తా ఉండాది సార్, ఆగకుండా అరస్తాంది. గొంతులో మామిడి టెంక ఇరుక్కున్నట్టుండాది, చెయ్యి పెట్టి చూసినా.” ఆ చివరి మాటకు గుండె ఝల్లుమంది. వెళ్లి అడిగితే నెల కిందట పిచ్చికుక్క కరిచిందన్నారు. లక్షణాలన్నీ రేబిస్‌వే. ఈ దశలో మందు లేదు.

చొంగ తగిలిన వాళ్లందరినీ సబ్బుతో పావుగంట చేతులు కడుక్కోమని, ఆ పూటే ప్రభుత్వాసుపత్రికి పంపాను. ఆ రోజే ఒక సూది, తర్వాత 3, 7, 28 రోజులకు తప్పకుండా వేయించుకోవాలి. ఆ ఆవు పాలు పారబోయమన్నాను. అమ్మడమూ వద్దన్నాను. ఏప్రిల్‌లో ప్రశ్న వేసిన రైతు ఆ గుంపులోనే ఉన్నాడు. మర్నాడు తన కొట్టం కాసే కుక్కను తోలుకొచ్చి టీకా వేయించుకుపోయాడు.

20 సెప్టెంబర్, శుక్రవారం

ఒళ్లు కాలుతోందని పిల్లికి ఇంట్లో ఉన్న పారాసెటమాల్ ముక్క వేశారట. చిగుళ్లు గోధుమ రంగుకు తిరిగాయి, ఆయాసపడుతోంది. మనకు పనిచేసే ఆ మాత్రను విరిచేసే శక్తి పిల్లి కాలేయానికి లేదు. అది రక్తాన్ని పాడుచేస్తుంది. చిన్న ఆసుపత్రిలో తేలే కేసు కాదు. తిరుపతి పశువైద్య కళాశాల ఆసుపత్రికి వెంటనే వెళ్లమన్నాను. 1955లో మొదలైన ఆ కళాశాలే మన ప్రాంతానికి పెద్ద దిక్కు.

8 అక్టోబర్, మంగళవారం

వానలతోపాటు కుక్కలకొచ్చే పార్వో వైరస్ జబ్బు వచ్చింది. రెండు నెలల లాబ్రడార్ పిల్ల. వాంతులు, నెత్తురు విరేచనాలు. టీకా వేయించారా అంటే, “ఇంకా చిన్నది కదా సార్, పెద్దయినాక వేయిద్దామని” అన్నారు. చిన్నదానికే ఈ జబ్బు ఎక్కువ. వైరస్‌ను చంపే మందు లేదు. సెలైన్ ఎక్కించి, వాంతులు ఆపి, ఒంట్లో నీరు నిలబెట్టడమే వైద్యం. రెండు రోజులు పోరాడి చనిపోయింది. ఆ ఇంటి పిల్లలు వెంటనే ఇంకో కుక్కపిల్ల కావాలన్నారు. ఆ వైరస్ నేలలో నెలల తరబడి బతుకుతుంది. బ్లీచింగ్ నీళ్లతో కడగమని, టీకాలు పూర్తయిన కుక్కనే తెచ్చుకోమని చెప్పాను.

1 నవంబర్, శుక్రవారం

నిన్న దీపావళి. టపాసులకు బెదిరి పారిపోయిన కుక్కల కోసం పొద్దున్నుంచి ఇద్దరు ముగ్గురు వచ్చి అడిగిపోయారు. ఈ ఏడు చూసినదాన్నిబట్టి గోడకు ఒక కాగితం అంటించాను:

కుక్కపిల్లకు 45 రోజులకు మొదటి టీకా, మూడు నాలుగు వారాలకోసారి బూస్టర్లు. మూడు నెలలకు రేబిస్ టీకా, ఆపైన ఏటా. మనుషుల మాత్రలు వేయొద్దు. కుక్క కరిస్తే కారం, సున్నం పూయొద్దు. పావుగంట సబ్బుతో కడిగి ప్రభుత్వాసుపత్రికి వెళ్లండి. చొంగ కార్చే ఆవు నోట్లో చెయ్యి పెట్టొద్దు.

పాలివ్వని దానికి సేవేమిటని ఇక ఎవరడిగినా నా జవాబు ఒక్కటే: ఇంటి కుక్కకు వేసిన టీకా కొట్టంలో ఆవునూ, ఇంట్లో బిడ్డలనూ కాపాడుతుంది.