ఇంట్లో పనికి మస్టర్ ఎవరు వేస్తరు?

మందమర్రిలో బొగ్గు బాయి పని చేసే మనిషిని ఆపి, "డ్యూటీ ఎప్పుడు దిగుతవే?" అని అడగండి. ఆలోచించకుండా చెప్తాడు. ఫస్ట్ షిఫ్టా, సెకండ్ షిఫ్టా, నైట్ షిఫ్టా అన్నదాన్నిబట్టి ఎనిమిది గంటల లెక్క. మస్టర్ పడితే, అంటే హాజరు పడితే, కంపెనీ మనిషి, డ్యూటీ దిగితే ఇంటి మనిషి. అదే మాట ఆయన బిడ్డను అడగండి. వెనక గదిలో ల్యాప్‌టాప్ ముందు కూర్చుని పని చేసుకుంటున్న పిల్ల కాసేపు ఆగి, "ఏమో, ఈ కాల్ అయిపోవాలె" అంటుంది. ఆ కాల్ తర్వాత ఇంకో కాల్ ఉంటుంది. ఇవాళ మీతో ఈ సంగతే మాట్లాడాలని కూర్చున్నాను.

ముందుగా, ఇంటినుంచి పని అన్న ఆశ మన ఊళ్లో ఇంత గట్టిగా ఎందుకు నాటుకుందో చెప్పుకుందాం. 1990 ప్రాంతంలో సింగరేణి గనుల్లో లక్షా పదహారు వేల దాకా కార్మికులు ఉండేవాళ్లు. ఇప్పుడు నలభై వేలకు అటూ ఇటూ. తట్టా చెమ్మస్‌తో బొగ్గు నింపిన చోటికి యంత్రాలు వచ్చాయి, ఓసీపీలు, అంటే ఓపెన్‌కాస్ట్ గనులు, వచ్చాయి. బాపు ఉద్యోగం కొడుక్కి అన్న ధీమాతో పెరిగిన తరం పోయింది. ఆడపిల్లకైతే ఆ ధీమా ఎన్నడూ అంతగా లేదు. 1952 గనుల చట్టం ఆడవాళ్లను భూగర్భంలోకి దిగనివ్వలేదు. 2019లో గాని ఆ తలుపు కొంచెం తెరుచుకోలేదు, అదీ టెక్నికల్, సూపర్‌వైజరీ, మేనేజర్ పనులకే. మరి డిగ్రీ చేసిన మన పిల్ల ఏం చెయ్యాలి? హైదరాబాద్‌ పోయి హాస్టల్లో ఉండాలి, జీతంలో సగం అక్కడే పెట్టాలి. పెళ్లయి ఒక పాప పుడితే అది కూడా ఆగిపోతుంది. అందుకే 2020 లాక్‌డౌన్‌లో పిల్లలు బ్యాగులు సర్దుకుని మందమర్రి దారి పట్టి వచ్చి, ఇక్కడినుంచే ఉద్యోగం చేస్తుంటే తల్లుల కళ్లకు అదొక కొత్త లోకంలా కనిపించింది. బిడ్డ కళ్లముందే ఉంది, జీతమూ వస్తోంది. ఇంతకంటే ఏం కావాలి?

కావాల్సింది ఉంది. అదేమిటో ఒక క్వార్టర్‌లోకి తొంగిచూస్తే తెలుస్తుంది.

రెండు గదుల క్వార్టర్. నైట్ షిఫ్టు చేసొచ్చిన బాపు ముందు గదిలో కిటికీకి దుప్పటి కట్టుకుని పొద్దున తొమ్మిదింటికి పడుకుంటాడు. గని ఊళ్లో పిల్లలందరం గుసగుసల మధ్యే పెరిగాం. గిన్నె కింద పడితే అమ్మ కళ్లు ఉరిమేవి. ఇప్పుడు వెనక గదిలో పెద్దపిల్ల కాల్‌లో ఉంటుంది. గొంతు పెంచితే బాపు లేస్తాడు, తగ్గిస్తే అవతల టీమ్ లీడర్‌కు వినపడదు. కుక్కర్ కూత పెట్టగానే మైకు మ్యూట్ చేసి, చేత్తోనే అమ్మకు సైగ చేస్తుంది. రాత్రి బాపు మళ్లీ టిఫిన్ డబ్బా పట్టుకుని బయల్దేరే వేళకు అమెరికాలో పగలు నడుస్తుంటుంది. పిల్లకు రెండో పూట మొదలవుతుంది. బాపుకు తెల్లారి షిఫ్టు దిగుతుంది. పిల్లకు ఏ షిఫ్టూ దిగదు. ఆ ఇంట్లో ఇద్దరూ రాత్రిపనే చేస్తున్నారు. కానీ నైట్ షిఫ్టు చేశానని లెక్క ఉన్నది ఒక్కరికే.

ఇంటినుంచి పని మనకు 2020లో కొత్తగా వచ్చిందనుకుంటే మన అవ్వలకు అన్యాయం చేసినట్టే. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల వైపు మీకు చుట్టాలుంటే ఆ ఇళ్ల అరుగులు గుర్తు తెచ్చుకోండి. ఒళ్లో చాట, చాటలో తంబాకు, పక్కన నానబెట్టిన తునికాకు. మన ఆదిలాబాద్ అడవుల్లో ఎండాకాలం కోసి, యాభై ఆకులకో కట్ట కట్టిన ఆకే అది. దాన్ని కొలతకు కత్తిరించి, చిటికెడు తంబాకు వేసి, చుట్టి, మూతి మడిచి, దారం కట్టాలి. ఇరవై అయిదుకు ఒక కట్ట. కూలి లెక్క వెయ్యికి. పాపకు పాలిస్తూ చుట్టొచ్చు, కూర పొయ్యిమీద పెట్టి చుట్టొచ్చు, కరెంటు పోతే దీపం ముందు చుట్టొచ్చు. సుఖం అక్కడే ఉంది, కష్టమూ అక్కడే ఉంది. ఎప్పుడైనా చెయ్యొచ్చు అన్న పని ఎప్పుడూ చెయ్యాల్సిన పని అయిపోయింది. వెయ్యి పూర్తికాని రోజు బడినుంచి వచ్చిన ఆడపిల్లను కూడా మూతులు మడవడానికి కూర్చోబెట్టారు.

అయితే ఆ అవ్వలు మనకు ఒక గొప్ప ఆస్తి కూడా ఇచ్చి పోయారు. దాని గురించి మన పిల్లలకు ఎవరూ చెప్పడం లేదు. 1966లో బీడీ కార్మికుల చట్టం వచ్చింది, ఇంట్లో చుట్టేవాళ్లకూ అది వర్తిస్తుందని అందులో రాశారు. 1977లో బీడీ పరిశ్రమకు పీఎఫ్ వర్తింపజేశారు. కంపెనీలు కోర్టుకెక్కాయి. వీళ్లు మా కార్ఖానాకు రారు, మేం పక్కన నిలబడి పని చేయించం, వీళ్లు మా కార్మికులెలా అవుతారన్నది వాళ్ల వాదన. 1985లో సుప్రీంకోర్టు పీఎం పటేల్ అండ్ సన్స్ కేసులో దానికి జవాబిచ్చింది. బీడీ బాగాలేదని తీసి పారేసే హక్కు మీ చేతిలో ఉంది కదా, పనిమీద మీ అదుపు ఉందనడానికి అదే గుర్తు అని తేల్చింది. అరుగుమీద కూర్చున్న ఆమె కార్మికురాలే అయింది. తెలంగాణ వచ్చాక బీడీ కార్మికులకు జీవన భృతి ఇచ్చినప్పుడు కూడా ఆ పీఎఫ్ నంబరే ఆధారమైంది. 2019లో అది నెలకు 2016 రూపాయలైంది.

ఈ కథ ఇంత వివరంగా ఎందుకు చెప్తున్నానంటే, ఇవాళ మన పిల్లల చేతికొస్తున్న కాగితాల్లో "ఫ్రీలాన్సర్", "కన్సల్టెంట్" అని రాసి ఉంటోంది. పని ఎప్పుడు మొదలుపెట్టాలో కంపెనీవాళ్లే చెప్తారు, స్క్రీన్ మీద మౌస్ బాణం కదులుతోందా లేదా అని వాళ్లే చూస్తారు, నచ్చకపోతే తిప్పి పంపుతారు. పీఎఫ్ అడిగితే మాత్రం నువ్వు మా ఉద్యోగివి కాదంటారు. సంతకం పెట్టే ముందు ఆ కాగితం తెచ్చి ఇంట్లో చదివి వినిపించమని మీ పిల్లలకు చెప్పండి. పీఎఫ్ ఉందా, పని గంటలు రాశారా, సెలవు ఉందా, కాన్పు సెలవు ఉందా? 2017లో సవరించిన ప్రసూతి చట్టం 26 వారాల జీతంతో కూడిన సెలవు తెచ్చింది. ఆ తర్వాత పని తీరు అనుకూలిస్తే, రెండువైపులా ఒప్పుకుంటే, ఇంటినుంచి చెయ్యొచ్చని కూడా అందులోనే రాశారు. ఆ సెలవు అడిగి తీసుకోవాల్సిన హక్కు, ఎవరూ దయతో ఇచ్చేది కాదు.

సరే, ఏ పనులున్నాయి అని మీరు అడుగుతారు. నాకు తెలిసినంతలో మన ఊరికి పొసగేవి చెప్తాను.

బీఎస్సీ, బీఫార్మసీ, నర్సింగ్ చదివిన పిల్లలు మెడికల్ కోడింగ్ వైపు వెళ్తున్నారు. ఆస్పత్రి రాతల్లోని జబ్బును, చికిత్సను ఇన్సూరెన్స్ కోసం కోడ్‌లుగా మార్చే పని. సీపీసీ అనే పరీక్ష ఒకటుంది. మొదట్లో కొన్నాళ్లు ఆఫీసుకు పోయి నేర్చుకోవాల్సే వస్తుంది, చెయ్యి తిరిగాక ఇంటికి ఇస్తారు. మొదటి రోజునుంచే ఇంట్లో కూర్చోబెడతామని ఎవరైనా అంటే నాకైతే అనుమానమే.

నాకు అన్నిటికంటే నచ్చేది లెక్కల పని. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చినప్పటినుంచి మందమర్రి మార్కెట్‌లో, బెల్లంపల్లిలో, మంచిర్యాలలో దుకాణదారులకు నెలనెలా రిటర్నుల గోల పట్టుకుంది. అమ్మకాల వివరాలు 11వ తేదీకి, పన్ను లెక్క 20వ తేదీకి. బీకాం చదివి ట్యాలీ వచ్చిన పిల్ల నాలుగైదు దుకాణాల పుస్తకాలు ఇంట్లోనే రాసిపెట్టగలదు. దీంట్లో గొప్ప సుగుణం ఏమిటంటే, ఒత్తిడి ఎప్పుడొస్తుందో క్యాలెండర్‌లో ముందే కనిపిస్తుంది. ఆ రెండు తేదీల ముందు గట్టిగా కూర్చుంటే మిగతా రోజులు సాయంత్రానికి తేలికపడతాయి. పిల్లల పరీక్షలు, ఇంట్లో పెళ్లి, సమ్మక్క జాతర అన్నీ ఆ తేదీలు చూసుకుని ఒప్పుకోవచ్చు.

సింగరేణి సేవా సమితిలో టైలరింగ్, మగ్గం నేర్చుకున్న మన ఆడవాళ్ల సంగతి మీకు తెలిసిందే. దసరాకు, పెళ్లిళ్లకు వాళ్లకు కంటిమీద కునుకుండదు. ఇన్ని బ్లౌజులకు మించి ఈ వారం తీసుకోను అని గోడమీద రాసిపెట్టుకున్నవాళ్లే నిలబడుతున్నారు. కాదనలేక అందరివీ తీసుకున్నవాళ్లు నడుము పట్టేసి మిషన్ మూలకు పెడుతున్నారు.

ఇల్లు కదలకుండానే కాకపోయినా, ఊరు కదలకుండా పేరు తెచ్చుకున్నవాళ్లు మన పక్కనే ఉన్నారు. జగిత్యాల జిల్లా మల్యాల మండలం లంబాడిపల్లిలో 2012లో మొదలైన యూట్యూబ్ ఛానల్ మై విలేజ్ షో అందరికీ తెలుసు. కూలి పనికి పోయిన గంగవ్వ ఆ ఊరి మాటతోనే తెలుగువాళ్లందరి ఇళ్లలోకి వచ్చింది. అందరికీ అది కుదరదు గానీ, మన మాట, మన ఊరు కూడా పనికొస్తాయని ఆమెను చూసి తెలుసుకున్నాం.

మోసాల గురించి కూడా చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. ఫారాలు నింపే పని ఇస్తామని రిజిస్ట్రేషన్ కింద డబ్బు తీసుకుంటారు. తర్వాత మీ పనిలో తప్పులున్నాయి, ఒప్పందం ప్రకారం జరిమానా కట్టండి అని వకీలు పేరుతో నోటీసు పంపుతారు. ఇంకొకరు టెలిగ్రామ్‌లో వీడియోలకు లైకులు కొట్టమంటారు, మొదట వంద రూపాయలు వేస్తారు, ఆ వందతో నమ్మకం కుదిరాక వేలు లాగేస్తారు. పని ఇచ్చేవాడు డబ్బు ఇవ్వాలి గాని అడగకూడదు. పొరపాటున పోగొట్టుకుంటే పరువు పోతుందని దాచుకోవద్దు, వెంటనే 1930కి ఫోన్ చెయ్యండి. మొదటి గంటల్లో చెప్తే డబ్బు బ్యాంకులోనే ఆగే అవకాశం ఉంది. బిడ్డను మాత్రం తిట్టకండి. పని కోసం వెతికింది, అంతేగా.

ఇక ఇంట్లోవాళ్ల సంగతి. "ఇంటికాడనే ఉంటున్నవ్ గదా" అన్న ఒక్క మాట ఎంత పని నెత్తినేస్తుందో ఆడవాళ్లకు తెలుసు. గ్యాస్ బండ తీసుకోవాలి, చుట్టాలొస్తే చాయ్ పెట్టాలి, అత్తను దవాఖానకు తీసుకుపోవాలి. 2024లో కేంద్రం చేసిన సమయ వినియోగ సర్వేలో, ఇంటిపని చేసే ఆడవాళ్లు రోజుకు 289 నిమిషాలు, మగవాళ్లు 88 నిమిషాలు పెడుతున్నారని తేలింది. దాదాపు ఐదు గంటలకు, గంటన్నరకు ఉన్న తేడా అది. ఆఫీసుకు పోయే ఆడమనిషికి కనీసం బస్సులో కూర్చున్నంతసేపు ఎవరూ పని చెప్పరు. ఇంట్లో ఉన్న మనిషికి ఆ కాసేపూ లేదు. కాబట్టి పని గంటలు కంపెనీతో ఒప్పుకోవడం ఒక ఎత్తు, ఇంట్లోవాళ్లతో ఒప్పుకోవడం ఇంకో ఎత్తు. మా కాలనీలో ఒక కోడలు తలుపుమీద చాక్‌పీసుతో తన టైములు రాసింది, అచ్చం బాయి మీద షిఫ్టు బోర్డులాగే. మామ నలభై ఏళ్లు మస్టర్ వేయించుకున్న మనిషి, చూడగానే అర్థం చేసుకున్నాడు. ఆ టైములో తలుపు కొట్టేవాళ్లను ఆయనే వెనక్కి పంపుతాడు, గ్యాస్ బండా ఆయనే దించుకుంటాడు. షిఫ్టు విలువ తెలిసిన ఊరు మనది. వేరే ఊళ్లలో చెప్పి చెప్పి అలసిపోయే మాట ఇక్కడ ఒక్క బోర్డుతో అర్థమవుతుంది.

ఒంటరితనం ఇంకో బాధ. చైనాలో ఒక ట్రావెల్ కంపెనీ తన కాల్ సెంటర్ ఉద్యోగులను తొమ్మిది నెలలు ఇంటినుంచి పని చేయించి చూసింది. నికొలస్ బ్లూమ్ అనే ఆర్థికవేత్త, ఆయన తోటివాళ్లు ఆ ఫలితాలను 2015లో ప్రచురించారు. పని 13 శాతం పెరిగింది. అయినా, మీ ఇష్టం అన్నాక సగం మంది దాకా ఆఫీసుకే తిరిగొచ్చారు. ఇంట్లో ఒక్కళ్లమే అయిపోయామన్నది వాళ్ల మొర. అదే బ్లూమ్ బృందం 2024లో ఇంకోటి చెప్పింది. వారంలో రెండు రోజులు ఇంట్లో, మిగతావి ఆఫీసులో అయితే ఉద్యోగం మానేసేవాళ్లు మూడో వంతు తగ్గారట. అంటే మనిషికి ఇల్లూ కావాలి, నలుగురూ కావాలి. కరీంనగర్‌లో 2020లో ఐటీ టవర్ వచ్చింది గానీ, ఇక్కడినుంచి రోజూ పోయిరాగల దూరమా అది?

మన దగ్గరే నలుగురు కూర్చునే చోటు ఎందుకు ఉండకూడదు? కంపెనీ సీఈఆర్ క్లబ్ ఉంది, కాలనీల్లో కమ్యూనిటీ హాళ్లున్నాయి. ఏదో ఫంక్షన్ ఉన్న రోజు తప్ప పగలు తాళం వేసే ఉంటాయి. ఒక హాల్లో ఇంటర్నెట్, పది బల్లలు, కరెంటు పోతే ఇన్వర్టర్, పక్క గదిలో చిన్నపిల్లలను చూసుకునే ఒక ఆయమ్మ. నైట్ షిఫ్టు బాపు ఇంట్లో నిశ్చింతగా నిద్రపోతాడు, పిల్ల గొంతెత్తి మాట్లాడుకుంటుంది, సాయంత్రం తాళం పడితే ఆమె పనికీ తాళం పడుతుంది. యాజమాన్యంతో జరిగే స్ట్రక్చర్ మీటింగులకు పోయేటప్పుడు మన సంఘాల నాయకులు క్వార్టర్ల రిపేర్లు, తాగునీళ్లు, దవాఖాన అని అంశాలు రాసుకుపోతారు. ఈసారి ఇదొకటి రాసుకుపోవాలని ఒక అర్జీ తయారు చేశాను. ఆదివారం మార్కెట్ దగ్గర కూర్చుంటాను. డ్యూటీలో ఉన్నవాళ్లు, రిటైరైనవాళ్లు, ల్యాప్‌టాప్ పిల్లలు, మిషన్ కుట్టే అక్కలు, ఎవరైనా సరే, వచ్చి సంతకం పెట్టండి.