ఆకు రాలిన కొమ్మకే పూత

జపాన్ వసంతానికి గుర్తుగా నిలిచిన సకురా, అంటే కాయ కోసం కాక పూల కోసమే పెంచే చెర్రీ చెట్టు, శీతకాలంలో కొన్ని వారాలపాటు గట్టి చలి తగిలితే తప్ప సరిగా మొగ్గ విప్పదు కనుక, చలి నామమాత్రమైన కర్నూలు, కడప మెట్టప్రాంతాల్లో దానికి చోటు లేదు. అయినా ఆకంతా రాల్చి ఒళ్లంతా పూసే చెట్లకు ఈ సీమలో కొదువ లేదు. వాటిని పూతకు సిద్ధం చేసేది చలి కాదు, నీటి ఎద్దడి.

ఆత్మకూరు దాటి దోర్నాల వైపు సాగే నల్లమల దారిలో, ఫిబ్రవరి, మార్చి నెలల్లో మోదుగ పూస్తుంది. విస్తళ్లు కుట్టే ఆకు ఎండలు ముదిరాక గాని రాదు. పూసేనాటికి చెట్టు మోడు. రక్షకపత్రావళి, అంటే పూరేకులను అడుగున పట్టి ఉంచే గిన్నె, నల్లని నూగుతో మెత్తగా ఉండగా, అందులోంచి చిలుక ముక్కులా వంగిన కాషాయపు రేకు బయటికి వస్తుంది. అడుగున ఊరే తేనె కోసం గోరువంకలు, తేనెపిట్టలు మూగి, తలలకు పుప్పొడి పూసుకొని మరో చెట్టుకు చేరవేస్తాయి. జపాన్‌లో విరివిగా నాటిన సొమెయ్ యొషినో రకపు చెర్రీలన్నీ ఒకే మూలవృక్షం నుంచి అంటుకట్టి పెంచినవి కావడంతో, ఒక ఊరి చెట్లన్నీ ఇంచుమించు ఒక్కసారే పూస్తాయి. మోదుగలు గింజ నుంచి మొలిచినవి గనుక పక్కపక్క చెట్లే ముందువెనుకలుగా పూస్తాయి. రంగు కూడా నారింజ నుంచి ముదురెరుపు దాకా మారుతుంది, బహు అరుదుగా పసుపు మోదుగ సైతం కనిపిస్తుంది. చూపరికి ఈ ఎగుడుదిగుడే ఎక్కువ ఆసక్తి కలిగిస్తుందనడం అతిశయోక్తి కాదు.

రాతిగుట్టల మీద ఇదే కాలంలో పూసే కొండగోగు తీరు వేరు. అరచేతి వెడల్పున విచ్చుకునే దాని అయిదు రేకుల పసుపు పూవులో తేనె ఉండదు. పుప్పొడి నిండిన పరాగకోశాలు కొనన ఉన్న చిన్న రంధ్రం ద్వారానే తెరుచుకుంటాయి కనుక, తుమ్మెద పూవును పట్టుకొని ఒళ్లు అదిరేలా ఝుమ్మంటూ పుప్పొడిని రాల్చుకుంటుంది.

దక్షిణాన లంకమల, పాలకొండ, శేషాచలం కొండల్లో ఎండలు మండే వేళ పూసేది ఎర్రచందనం. తూర్పు కనుమల ఈ దక్షిణ భాగానికే దాదాపుగా పరిమితమైన ఈ చెట్టు పేరు చెప్పగానే దొంగ దుంగలే గుర్తుకు వస్తాయి గాని, గుత్తులుగా వేలాడే దాని సన్నని పసుపు పూలను, వాటి కమ్మని వాసనను ఎరిగినవారు కొండపల్లెల బయట తక్కువ. పూత కొద్ది రోజుల్లోనే రాలి, చుట్టూ పలుచని రెక్క గల గుండ్రటి కాయలు ఏర్పడి, ఎండి, గాలికి కొట్టుకుపోతాయి.