బేగం తోటలో బుల్లి భవంతి!

కోఠిలో బస్సు దిగితే చెవులు చిల్లులు పడే రొద. పుస్తకాల దుకాణాలు, తోపుడు బండ్లు, హారన్లు. వాటన్నిటినీ దాటుకుని మహిళా విశ్వవిద్యాలయం గేట్లోకి అడుగుపెట్టండి... ఎవరో రేడియో కట్టేసినట్టు నిశ్శబ్దం! పెద్ద పెద్ద చెట్లు, వాటి మధ్య తెల్లటి స్తంభాలతో ఓ రాజభవనం, మెట్లకు రెండువైపులా కాపలా కాస్తున్న రాతి సింహాలు. ఇదే ఒకప్పటి బ్రిటిష్ రెసిడెన్సీ.

నిజాం దర్బారులో ఈస్టిండియా కంపెనీ ప్రతినిధిగా ఉన్న జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్ 1803లో దీని నిర్మాణం మొదలుపెట్టించాడు. నమూనా గీసింది శామ్యూల్ రస్సెల్ అనే ఇంజినీరు. ఖర్చు మాత్రం నిజాంది!

స్థలం ఎలా వచ్చిందో చెప్పే ముచ్చటొకటి ఉంది. కిర్క్‌పాట్రిక్ మొదట చాలా పెద్ద పటం గీయించి దర్బారుకు తీసుకెళ్లాడట. నిజాం దాన్ని చూసి ససేమిరా అన్నాడు. మీర్ ఆలం నవ్వి అసలు విషయం చెప్పాడు. నిజాం చూసిన రాజ్యపటాలు కూడా దాదాపు అంతే ఉంటాయి మరి! అదే స్థలాన్ని చిన్న కాగితం ముక్క మీద గీయించి తీసుకెళితే, వెంటనే సరేనన్నాడట.

కిర్క్‌పాట్రిక్‌కు తోటలంటే ప్రాణం. మామిడి పండ్లంటే మరీను. ఆ తోటలోనే ఆయన భార్య ఖైరున్నీసా బేగం కోసం రంగ్ మహల్ అనే జెనానా కట్టించాడు. ఆమె హైదరాబాదులోని ఉన్నత కుటుంబానికి చెందిన అమ్మాయి. ఆ పెళ్లి అప్పట్లో పెద్ద దుమారమే రేపింది.

పరదా పాటించే బేగం బయటికి వచ్చి ఆ పెద్ద భవనాన్ని చూసే వీల్లేదు. అందుకే అచ్చం అలాంటిదే ఓ బుల్లి భవంతిని జెనానా తోటలో కట్టించాడని చెబుతారు. స్తంభాలతో సహా, బొమ్మరిల్లులా! చాలాకాలం శిథిలంగా పడి ఉన్న ఆ నమూనా మరమ్మతులతో మళ్లీ రూపు దిద్దుకుంది. దాని ముందు నిలబడితే ముచ్చటేస్తుంది. ఆ వెంటనే మనసు చివుక్కుమంటుంది.

ఎందుకంటే, ఆ కాపురం ఎంతోకాలం నిలవలేదు. 1805లో పసిపిల్లలిద్దరినీ ఇంగ్లండుకు ఓడెక్కించారు. అదే ఏడాది అక్టోబరులో కిర్క్‌పాట్రిక్ కలకత్తాలో కన్నుమూశాడు. 1813లో బేగం కూడా పోయింది. పిల్లల్ని ఆమె మళ్లీ చూడనేలేదు. రంగ్ మహల్‌ను తర్వాతి కాలంలో కూల్చేశారు. దాని ద్వారం మాత్రం మిగిలింది.

ఈ ప్రాంగణానికి మరో చరిత్రా ఉంది. 1857 జులై 17న తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ నాయకత్వంలో తిరుగుబాటుదారులు రెసిడెన్సీ మీద దాడి చేశారు. కోఠిలో ఆయన పేరుతో ఉన్న రోడ్డు ఆ సంగతినే గుర్తుచేస్తుంది.

స్వాతంత్ర్యం వచ్చాక 1949లో మహిళా కళాశాల ఇక్కడికి మారింది. తరాల తరబడి అమ్మాయిలు ఆ భవనంలోనే పాఠాలు విన్నారు. ఆ కళాశాలే 2022లో విశ్వవిద్యాలయమైంది. ఇప్పుడు దానికి వీరనారి చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. శిథిలావస్థకు చేరిన భవనం 2002లో ప్రపంచ కట్టడాల నిధి సంస్థ ప్రమాదపు జాబితాకెక్కింది. ఏళ్ల తరబడి సాగిన పునరుద్ధరణ తర్వాత 2023లో మళ్లీ తలుపులు తెరుచుకుంది.

మేం వెళ్లినప్పుడు మధ్యాహ్నం. సింహాల పక్కన మెట్ల మీద ఇద్దరమ్మాయిలు టిఫిన్ డబ్బాలు విప్పుకుని కూర్చున్నారు. బేగం బొమ్మలో మాత్రమే చూసుకున్న మెట్లవి!

ఎలా వెళ్లాలి?: కోఠికి నగరం నలుమూలల నుంచీ బస్సులున్నాయి. మెట్రోలో అయితే ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషన్‌లో దిగాలి. ఇది విద్యాసంస్థ కాబట్టి సందర్శనకు అనుమతి ఉందో లేదో ముందే కనుక్కుని బయల్దేరండి.