ముల్లు తీయకుండా పంచరు వేస్తే



సంఘ పత్రికలో సైకిలు టైరును గూర్చి వ్రాయడమేమిటని మీలో కొందరు నవ్వుకొనవచ్చును. మేమిద్దరము కావలికి తూర్పున, సముద్రపు ఒడ్డు పల్లెలలో చాలా ఏండ్లుగా పరిచర్య చేయుచున్నాము. ఆయన ఉపదేశి, ఆమె ఆదివారపు బడి చూచుకొంటుంది. ఒకరు తొక్కితే ఒకరు వెనుక క్యారియరు మీద. మాకున్న వాహనమంతా ఒక్క పాత సైకిలే. కాబట్టి టైరును గూర్చి మాకు కొంత తెలుసు. అది మాకు నేర్పిన పాఠము మాత్రము ఆలస్యముగా తెలిసింది.

మా ప్రాంతము ముళ్ళ ప్రాంతము. తుమ్మలపెంట అనే ఊరి పేరులోనే తుమ్మ ఉన్నది. బకింగ్‌హామ్ కాలువ గట్ల మీద, రొయ్యల గుంటల కట్టల మీద ఎటు చూచినా సర్కారు తుమ్మ. అమెరికా ఖండము నుండి వచ్చిన ఆ చెట్టు ఇప్పుడు మన చెట్టే అయిపోయింది. దాని ముల్లు చెప్పులోనుండి కాలిలోకి దిగగలదు. ఇసుక నేలలో దానికన్నా మోసకరమైనది పల్లేరు. చూడడానికి నేలను పాకే చిన్న మొక్క, పచ్చని పువ్వు. దాని కాయ ఎండితే అయిదు ముక్కలుగా విడిపోతుంది. ఒక్కొక్క ముక్కకు గట్టి ముళ్ళుంటాయి, ఎలా పడినా ఒకటి పైకే నిలుస్తుంది. ఆదికాండము మూడవ అధ్యాయములో భూమి ముండ్లు మొలిపిస్తుందని దేవుడు ఆదాముతో చెప్పిన మాట చదివినప్పుడెల్లా మాకు ఆ కాలువ గట్టే గుర్తుకు వస్తుంది.

శామ్యూల్ డే దొరగారు 1840లో నెల్లూరు వచ్చి పని ప్రారంభించిన నాటికి సైకిలుకు గాలి టైరు వాడుకలో లేదు. మిషనెరీలు గుర్రముల మీద, ఎద్దుబండ్లలో, కాలినడకన తిరిగారు. 1888లో ఐర్లండులోని బెల్‌ఫాస్టులో పశువుల డాక్టరుగా ఉన్న జాన్ డన్‌లప్, తన కుమారుని మూడు చక్రాల బండి కుదుపులకు తాళలేకున్నదని, రబ్బరు గొట్టములో గాలి నింపి చక్రానికి చుట్టాడు. అంతకు ముందే 1845లో రాబర్ట్ థామ్సన్ అనే ఆయన గాలి చక్రానికి పేటెంటు తీసుకున్నప్పటికీ లోకము దానిని పట్టించుకోలేదు. కుమారుని మీద తండ్రికున్న ప్రేమలోనుండి వచ్చిన డన్‌లప్ టైరే లోకమంతటా వ్యాపించింది. గాలి టైరు వచ్చింది, దానితో పంచరూ వచ్చింది.

ఇక మా సంగతి. ఒక శనివారము ఉదయము వెనుక చక్రము గాలి పోయింది. సాధారణముగా పంచరు వెనుక చక్రానికే ఎక్కువ, బరువంతా దాని మీదనే గదా. దారి మలుపులో ఒక కుర్రవాడు పంచరు షాపు పెట్టుకొని ఉన్నాడు. మన సంఘమువాడు కాదు. అతడు ట్యూబు తీసి, నీళ్ళలో ముంచి, బుడగలు చూచి, ఆకురాయితో గీకి, సొల్యూషను పూసి ముక్క అంటించాడు. తరువాత టైరు చేతిలోకి తీసుకొని, “అయ్యగారూ, లోపల తడిమి చూడాల, కాసేపు ఆగండి” అన్నాడు. మాకు తొందర. “పరవాలేదులే అబ్బయ్యా, ఎక్కించెయ్యి” అన్నాము. ఎక్కించేశాడు.

ఆ సాయంత్రము కాలువ అవతల పట్టపుపాలెము నుండి కబురు వచ్చింది. సముద్రము మీద బ్రదుకు గడిపిన ఒక పెద్దాయన అవసాన దశలో ఉన్నాడు, ప్రార్థన చేయమని మా కోసము అడుగుతున్నాడు. బయలుదేరాము. సగము దారిలో చక్రము మెత్తబడింది. సరుగుడు తోటల మధ్య ఇసుక దారి. సైకిలు నడిపించుకుంటూ, చీకటిలో ఒకరి చెయ్యి ఒకరు పట్టుకొని నడిచాము. మేము చేరేసరికి ఇంటి ముందర ఏడ్పులు వినబడుచున్నవి. ఆయన పెద్ద కుమార్తె మమ్మును చూచి, “మీరు వస్తారని గుమ్మము వైపే చూస్తా ఉండె నాయన” అన్నది. మమ్మును నిందించలేదు. నిందించియుంటే బాగుండేదేమో.

మరునాడు ఆదివారము, ప్రభు బల్ల. అయితే మేము గుడికి పోక ముందు పంచరు షాపుకు పోయాము. నలుగురు నిలబడియుండగా ఆ కుర్రవానిని నోటికి వచ్చినట్లు మాట్లాడాము. నీ పని చేతకానితనము వలన ఒక మనిషి ఆఖరి కోరిక తీరలేదన్నాము. అతడు ఒక్క మాట కూడా ఎదురు చెప్పలేదు. చక్రము విప్పి, టైరు లోపలి వైపు పాత గుడ్డతో మెల్లగా తుడిచాడు. ఒక చోట గుడ్డ చిక్కుకున్నది. పట్టకారుతో లాగితే పల్లేరు ముల్లు మొన వచ్చింది. ట్యూబు మీద నిన్నటి ముక్కకు వేలెడు దూరములో కొత్త రంధ్రము. ఒకే ముల్లు, రెండు రంధ్రములు. “నిన్న ఇదే చూద్దామన్నా, అయ్యగారూ” అన్నాడు, అంతే.

గుడికి పోయాము. బల్ల దగ్గరకు పోలేకపోయాము. అర్పణను బలిపీఠము యొద్ద విడిచి మొదట సహోదరునితో సమాధానపడుమని మత్తయి అయిదవ అధ్యాయములో ప్రభువు చెప్పిన మాట ఆదివారపు బడి పిల్లలకు ఎన్నిసార్లు నేర్పామో లెక్క లేదు. ఆ దినము అది మా మీదికే వచ్చింది. మాలో ఆమె మొదట లేచింది, తరువాత ఆయన. ఆరాధన మధ్యలోనే వెలుపలికి వచ్చి, తిరిగి షాపుకు పోయి, ఇందాక నిలబడిన వాళ్ళలో ఉన్న ఇద్దరి యెదుటనే ఆ కుర్రవానిని క్షమించుమని అడిగాము. అతడు తత్తరపడి, “పెద్దోళ్ళు మీరు, అట్టా అనబాకండి” అని స్టూలు తుడిచి వేశాడు. ఆ నెల మాకు బల్ల లేదు. కానీ ఆ స్టూలు మీద కూర్చున్న అర గంట మేము మరువలేదు.

అప్పటి నుండి అతడే మాకు టైరు సంగతులు నేర్పాడు. ఆ మీదట మా చెల్లెలి కొడుకు చెన్నై నుండి నెల్లూరు మీదుగా సైకిలు మీదనే వచ్చినప్పుడు మరి కొన్ని తెలిసినవి. అతని సైకిలు టైరులో తొక్కుడు రబ్బరుకు క్రింద ఒక అదనపు పట్టీ ఉన్నది. కొన్నింటిలో అది కెవ్లార్ అనే గట్టి నారతో చేస్తారు. 1965లో అమెరికాలో స్టెఫనీ క్వోలెక్ అనే శాస్త్రవేత్త కనుగొన్న నార అది, తుపాకి గుండ్లను ఆపే కవచములలో వాడేది. మరి కొన్నింటిలో సాగే రబ్బరు దళసరిగా వేస్తారు, ముల్లు దిగినా ట్యూబును చేరదు. పందెములకు సాధన చేసేవారు సన్నని తేలిక టైర్లు వాడతారు, అవి వేగము, కానీ ముల్లుకు లోకువ. నిత్యము పనికి పోయేవారికి, దూర ప్రయాణము చేసేవారికి వెడల్పుగా, బరువుగా ఉండే పట్టీ టైరే మేలు. కాళ్ళకు కొంత శ్రమ ఎక్కువ.

మాకు కూడా ఒకటి తెచ్చి, “మామయ్యా, ఇక దిగులుండదు” అన్నాడు. తీరా ఎక్కించబోతే పట్టలేదు. మన పాత సైకిలు 28×1½ టైరు కూర్చునే చోటు వ్యాసము 635 మిల్లీమీటర్లు. వాళ్ళ 700 సైజు టైరుకు 622. పదమూడు మిల్లీమీటర్ల తేడా. ఎంత మంచిదైనా మన చక్రానికి సరిపడనిది మనకు ఉపయోగము లేదు. పంచరు షాపు అబ్బాయి నవ్వి, అరిగిన పాత టైరు అంచులు కోసి, పలుచగా చెక్కి, అంచులు ట్యూబును కోయకుండా నున్నగా చేసి, టైరుకు ట్యూబుకు మధ్య చుట్టూ పట్టీగా వేశాడు. పెద్ద ముల్లును పూర్తిగా ఆపదు గాని, పల్లేరు ముళ్ళు ఇప్పుడు చాలా వరకు అక్కడే ఆగిపోతున్నవి.

మా వలె సైకిలు మీద పరిచర్య చేసేవారికి, బడికి పోయే పిల్లలున్న తల్లిదండ్రులకు అతడు నేర్పినవి కొన్ని చెబుతాము. ట్యూబులో గాలి ఊరకనే కొంచెము కొంచెము తగ్గుతుంది, గనుక వారానికొకసారి కొట్టించండి. గాలి తక్కువగా ఉండి ఇద్దరు ఎక్కితే రాయి తగిలినప్పుడు రిమ్ముకు టైరుకు మధ్య ట్యూబు నలిగి, పాము కాటు వలె ప్రక్క ప్రక్కనే రెండు చిల్లులు పడతాయి. ఉప్పు గాలికి రిమ్ము తుప్పు పట్టి లోపలినుండే ట్యూబును కోస్తుంది, రిమ్ము టేపు చూచుకోండి. ఎండలో నిలిపిన టైరు పగుళ్ళు తీస్తుంది, నీడన పెట్టండి. రాత్రి ఇంటికి చేరగానే టైరు చుట్టూ ఒకసారి చూచి, గుచ్చుకున్నది ఏదైనా ఉంటే లోతుకు దిగక ముందే తీయండి. అన్నిటికన్నా ముఖ్యము, పంచరు వేసినప్పుడు ముల్లు దొరికే వరకు లేవకండి.

ఇశ్రాయేలీయుల చెప్పులు అరణ్యములో నలువది ఏండ్లు పాతగిలలేదని ద్వితీయోపదేశకాండములో ఉన్నది. అది దేవుని అద్భుతము. మనకైతే టైరు అరుగుతుంది, ముల్లు దిగుతుంది. ముల్లు దిగనివ్వని గాలి టైరును మేము ఇంతవరకు చూడలేదు, పట్టీ టైరుకైనా ప్రక్క గోడ పలుచనే. కుటుంబములో, సంఘములో మాటలు గుచ్చుకున్నప్పుడు మేము చాలాసార్లు పైన ముక్క అంటించి, గాలి కొట్టి బయలుదేరాము. రెండు రోజులు సాఫీగానే పోయింది. మూడవ రోజు అదే చోట, వేలెడు దూరములో మళ్ళీ దిగింది. తప్పు అవతలివారి చేతి పనిలో వెదికాము గాని, మన టైరు లోపల తడిమి చూడలేదు.

ఆ పెద్దాయన సమాధి సరుగుడు తోట ప్రక్కన ఉన్నది. ఆ దారిన పోయినప్పుడెల్లా దిగి, కాసేపు నిలబడి, టైరు మీద చెయ్యి పెట్టి చూచుకొంటాము. ఆయన కుమార్తె ఇప్పుడు ఆదివారపు బడికి తన పిల్లలను తెస్తున్నది. మొన్న క్రిస్మసుకు పంచరు షాపు అబ్బాయి కూడా గుడి వెలుపల నిలబడి పాటలు విన్నాడు. లోపలికి రమ్మన్నాము. “వస్తాలే అయ్యగారూ, చేతులకు గ్రీజుండాది” అన్నాడు. అతని కోసము మీరు ప్రార్థించండి. తొందరపడే మా కోసము కూడా ప్రార్థించండి.